కంప్యూటరు కొయ్యబారింది: తప్పెవరిది?

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. సరిగ్గా అప్పుడే తాటిపండు రాలి కింద పడింది. కాకి వాలడం వల్లనే పండు పడిందా? కాదు. పండు అప్పటికే బాగా ముగ్గి, తొడిమ వదులై, రాలడానికి సిద్ధంగా ఉంది. కాకి వాలకపోయినా అది పడేదే. రెండు సంగతులు వెంటవెంటనే జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం అనుకోకూడదని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. దానికి 'కాకతాళీయం' అని ఒక పేరు కూడా పెట్టారు.

పాతికేళ్ళకు పైగా బడిలో సైన్సు చెబుతున్నాను. ఈ కాకతాళీయం సంగతి ఎన్నో తరగతుల్లో చెప్పాను. అటువంటి నేనే 2022లో ఒక కుర్రవాడి విషయంలో అచ్చంగా ఆ పొరపాటే చేశాను. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను. ఎందుకంటే ఇటువంటి పొరపాటు మీ బడిలోనూ, మీ ఇంట్లోనూ రేపే జరగవచ్చు.

నేను కాకిని శిక్షించిన కథ

మా ఉన్నత పాఠశాలలో పది కంప్యూటర్లున్న గది ఒకటి ఉంది. దాని తాళంచెవి నా దగ్గర ఉంటుంది. ఒకనాడు ఎనిమిదో తరగతి పిల్లలు అక్కడ కూర్చుని సైన్సు ప్రాజెక్టుకు కావలసిన బొమ్మలు సిద్ధం చేసుకుంటున్నారు. వాళ్ళలో ఒక కుర్రవాడు, పేరెందుకు లెండి, ఇంటి దగ్గర నుంచి తెచ్చిన పెన్‌డ్రైవును నాలుగో నంబరు కంప్యూటరుకు తగిలించాడు. అంతే! కంప్యూటరు కొయ్యబారిపోయింది. మౌస్ కదిపితే తెరమీద బాణం కదలదు. మీట నొక్కితే అక్షరం పడదు. మీరంతా అనే మాటలో చెప్పాలంటే 'హ్యాంగ్' అయింది.

"ఏం చేశావురా?" అని గద్దించాను.

"నేనేం చెయ్యలేదండి మాస్టారూ! పెన్‌డ్రైవు పెట్టానంతేనండి."

"ఎక్కడిదో వైరస్‌ను మోసుకొచ్చి దీనికి అంటించావన్నమాట!"

నెల రోజుల పాటు కంప్యూటరు గదిలోకి రావద్దన్నాను. వాడు తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి తోటి పిల్లలు వాడిని 'వైరస్, వైరస్' అని పిలవడం మొదలుపెట్టారట. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

చూశారా! కాకి వాలింది, పండు పడింది, నేను కాకిని శిక్షించాను.

ఒక నోటుపుస్తకం చేసిన మేలు

రెండు వారాలు గడిచాయి. అదే తరగతిలోని ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. చేతిలో రూళ్ళ నోటుపుస్తకం ఉంది. "మాస్టారూ, ఇది చూడండి" అని తెరిచి చూపించింది. ఏ రోజున, ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా నాలుగో నంబరు కంప్యూటరు కొయ్యబారిందో వరసగా రాసుకుంది. రెండు వారాల్లో మూడుసార్లు. ఆ మూడుసార్లూ ఆ కుర్రవాడు గదిలో లేడు! మూడింటిలోనూ ఎవరో ఒకరు పెన్‌డ్రైవు పెట్టారు. మిగతా తొమ్మిది కంప్యూటర్లకు మాత్రం ఏమీ కాలేదు.

నా దగ్గర జవాబు లేదు. అయితే ప్రయోగం చేసి చూద్దామన్నాను.

కిరణజన్య సంయోగక్రియ పాఠంలో ఒక ప్రయోగం ఉంటుంది, గుర్తుందా? ఒక ఆకులో కొంత భాగానికి నల్ల కాగితం చుట్టి, మిగతా భాగాన్ని ఎండకు వదిలేస్తాం. ఆకు ఒకటే, మొక్క ఒకటే, నీళ్ళు ఒకటే. తేడా వెలుతురు ఒక్కటే. అందుకనే పిండిపదార్థం తయారుకావడంలో తేడా వస్తే అది వెలుతురు వల్లనే అని ధైర్యంగా చెప్పగలుగుతాం. మేమూ అదే పద్ధతి పాటించాం.

మొదట ఆ కుర్రవాడి పెన్‌డ్రైవునే తెప్పించి ఏడో నంబరు కంప్యూటరుకు తగిలించాం. ఏమీ కాలేదు. ఆ కంప్యూటరులోని యాంటీవైరస్ ప్రోగ్రాము దాన్నంతా వెతికి, ఏ వైరస్సూ కనబడలేదని చెప్పింది. తరవాత అంగడి నుంచి కొత్త పెన్‌డ్రైవు తెచ్చాం. దానిలో ఏమీ లేదు, ఖాళీ. దాన్ని నాలుగో నంబరుకు తగిలించాం. రెండోసారికే కంప్యూటరు కొయ్యబారింది. అంటే దోషం పెన్‌డ్రైవులో లేదు, నాలుగో నంబరులోనే ఉందన్నమాట.

ఆ తరవాత నాలుగో నంబరును 'సేఫ్ మోడ్'లో నడిపి చూశాం. సేఫ్ మోడ్ అంటే అత్యవసరమైన ప్రోగ్రాములను మాత్రమే పైకి తెచ్చి, మిగతావాటిని నిద్రలోనే ఉంచే పద్ధతి. అందులో ఎన్నిసార్లు పెన్‌డ్రైవు పెట్టి తీసినా కంప్యూటరు చక్కగా పనిచేసింది. కాబట్టి యంత్రభాగాల మీద అనుమానం చాలావరకు తగ్గింది. మామూలుగా నడిచేటప్పుడు మాత్రమే లేచి కూర్చునే ప్రోగ్రాములలో ఏదో తగాదా పెడుతోంది. ఏమిటది?

ప్రోగ్రాముల జాబితా తీశాం. అందులో యాంటీవైరస్‌లు ఒకటి కాదు, రెండున్నాయి. మొదటిది కంప్యూటరుతో పాటు వచ్చింది. రెండోదాన్ని పెట్టిందెవరు? ఎవరో కాదు, నేనే! అంతకు ముందు వేసవి సెలవుల్లో, ఒక కాపలాదారు కంటే ఇద్దరుంటే మరీ మంచిది కదా అనుకుని, ఉచితంగా దొరికేది ఒకటి తెచ్చి అందులో పెట్టాను. పెట్టి మరిచిపోయాను.

రెండోదాన్ని తీసేసి, పెన్‌డ్రైవు పదిసార్లు పెట్టి చూశాం. ఒక్కసారి కూడా కొయ్యబారలేదు. "ఇక చాలు" అన్నాను. "చాలదు మాస్టారూ, మళ్ళీ దాన్ని పెట్టి చూడాలి కదండీ" అంది ఆ అమ్మాయి. నిజమే. మళ్ళీ పెట్టాం. మూడోసారికి కొయ్యబారింది. మళ్ళీ తీశాం. కుదుటపడింది. అప్పటికి గాని నేరస్థుడు దొరికినట్టు కాదు.

ఇద్దరు కాపలాదారుల మర్యాద

ఇద్దరు కాపలాదారులు ఉంటే ఎందుకు చెడింది? ఇది తెలియాలంటే యాంటీవైరస్ ఎలా పనిచేస్తుందో తెలియాలి.

కంప్యూటరు వైరస్ జీవి కాదు. అది కూడా మనిషి రాసిన ప్రోగ్రామే. తనకు నకళ్ళు తానే తయారుచేసుకుని ఒకచోటి నుంచి మరొకచోటికి పాకడం దాని లక్షణం. 1971లో అమెరికాలో బాబ్ థామస్ అనే ఆయన 'క్రీపర్' అనే ప్రోగ్రామును రాశాడు. అది ఎవరికీ హాని చెయ్యకుండా ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు పాకుతూ పోయేది. దాన్ని వెతికి తుడిచివెయ్యడానికి రే టామ్లిన్సన్ 'రీపర్' అనే మరో ప్రోగ్రామును రాశాడు. దొంగా, పోలీసూ దాదాపు ఒకేసారి పుట్టారన్నమాట! 1986లో లాహోరు నగరంలో తయారైన 'బ్రెయిన్' అనే వైరస్ ఫ్లాపీ డిస్కుల మీద ఎక్కి దేశదేశాలకు వెళ్ళింది. ఆ తరవాతనే యాంటీవైరస్‌లకు గిరాకీ పెరిగింది.

ఈ కాపలాదారు ఊరి పొలిమేరలోని చెక్‌పోస్టు వంటివాడు. మీరు ఏ ఫైలు తెరవబోయినా దాన్ని ఒక్క క్షణం ఆపుతాడు. తన దగ్గరున్న దొంగల గుర్తుల చిట్టాతో పోల్చి చూస్తాడు. అనుమానం లేకపోతే వదులుతాడు. అంతవరకూ ఆ ఫైలును అడిగిన ప్రోగ్రాము వేచి ఉండవలసిందే. ఇదంతా మన కళ్ళకు కనిపించనంత వేగంగా జరిగిపోతుంది.

ఇప్పుడు చెక్‌పోస్టులు రెండున్నాయనుకోండి. మొదటి కాపలాదారు పెన్‌డ్రైవులోని ఫైలును చూద్దామని తెరవబోతాడు. "ఎవరో ఫైలు తెరుస్తున్నారు, ఆగు!" అని రెండోవాడు పట్టుకుంటాడు. రెండోవాడు దాన్ని చూద్దామని తెరవబోతే "ఆగు!" అని మొదటివాడు పట్టుకుంటాడు. నువ్వు వదిలితే నేను చూస్తానంటాడు ఒకడు. నువ్వు చూస్తే నేను వదులుతానంటాడు ఇంకొకడు. ఇరుకు గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు "ముందు మీరు వెళ్ళండి", "అబ్బే, ముందు మీరు" అనుకుంటూ సాయంత్రం దాకా నిలబడిపోయినట్టు! ఎవరూ తప్పు చెయ్యడం లేదు, పని మాత్రం సాగదు. కంప్యూటరు శాస్త్రంలో దీనిని 'డెడ్‌లాక్' అంటారు. ఇద్దరూ ఒకే క్షణంలో ఎదురుపడితేనే ఈ చిక్కు వస్తుంది. అందుకే ఒకసారి కొయ్యబారుతుంది, ఒకసారి బాగానే ఉంటుంది. ఇటువంటి దోషాన్ని పట్టుకోవడం కష్టం. ఎదురుగా కనబడ్డ మనిషి మీద నింద వెయ్యడం తేలిక.

విండోస్ తయారుచేసేవారికి ఈ ప్రమాదం తెలుసు. విండోస్ 10, విండోస్ 11లలో వారి సొంత కాపలాదారు డిఫెండర్ ఉంటాడు. మీరు బయటి నుంచి మరో యాంటీవైరస్ తెచ్చిపెడితే, డిఫెండర్ సాధారణంగా తనంతట తానే పక్కకు తప్పుకుంటాడు. కాని బయటివే రెండు తెచ్చిపెడితే వాటిమధ్య తీర్పు చెప్పేవాడెవడు?

వెతకడానికి ఎంతసేపు పడుతుంది?

కాపలాదారు ఒక్కడే ఉన్నా కంప్యూటరు కొయ్యబారినట్టు కనిపించడం కద్దు. యాంటీవైరస్ అప్పుడప్పుడు డిస్కులోని ఫైళ్ళన్నింటినీ ఒకటొకటిగా గాలిస్తుంది. దీనికి ఎంతసేపు పడుతుందో మనమే లెక్క వేద్దాం.

పాత కంప్యూటర్లలోని హార్డ్‌డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక చుట్టుకు 60ని 7,200తో భాగిస్తే 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన చోటు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా. చదివే చేయి సరైన వరస మీదికి జరగడానికి మరో 8 మిల్లీసెకన్లు వేసుకోండి. మొత్తం 12. డిస్కులో 2 లక్షల ఫైళ్ళుంటే, వాటిని చేరడానికే 24 లక్షల మిల్లీసెకన్లు. అంటే 2,400 సెకన్లు, 40 నిమిషాలు! చదవడానికీ, పోల్చడానికీ పట్టే కాలం దీనికి అదనం. ఈ 40 నిమిషాలూ మీ ప్రోగ్రాములకు కూడా ఆ ఒక్క చేయే దిక్కు. ఒకే బావి దగ్గర ఊరంతా బిందెలతో బారులు తీరినట్టుంటుంది.

ఇప్పుడు వస్తున్న కంప్యూటర్లలో ఎక్కువగా ఎస్‌ఎస్‌డీలు ఉంటున్నాయి. వాటిలో తిరిగే చక్రమూ లేదు, జరిగే చేయీ లేదు. ఒక్కో ఫైలును చేరడానికి మిల్లీసెకనులో పదో వంతు పడుతుందనుకున్నా, 2 లక్షల ఫైళ్ళకు 20 సెకన్లే. అందుకే కొత్త కంప్యూటరులో కాపలాదారు తిరుగుతున్న సంగతే మనకు తెలియదు. బడుల్లోని పాత కంప్యూటర్లలో మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

కాపలాదారే పొరబడితే?

మన శరీరంలో తెల్లరక్తకణాలు కాపలా కాస్తాయి. ఒక్కొక్కప్పుడు ఈ రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కణాలనే శత్రువులనుకుని దాడిచేస్తుంది. కీళ్ళవాతంలో ఒక రకం ఇలాగే వస్తుంది. కంప్యూటరు కాపలాదారుకూ ఈ జబ్బు రావచ్చు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ తన యాంటీవైరస్‌కు కొత్త గుర్తుల చిట్టాను పంపింది. ఆ చిట్టాలోని పొరపాటు వల్ల, విండోస్ ఎక్స్‌పీ నడవడానికి తప్పనిసరైన ఒక ఫైలునే అది వైరస్ అనుకుని తొలగించింది. ఎన్నో కంప్యూటర్లు ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ, మళ్ళీ ఆగుతూ ఉండిపోయాయి. అమెరికాలో కొన్ని ఆసుపత్రుల పనులు కూడా దెబ్బతిన్నాయి.

అంతకన్నా పెద్ద సంఘటన 2024 జూలై 19, శుక్రవారం నాడు జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ తయారుచేసే కాపలా ప్రోగ్రాము పెద్దపెద్ద కార్యాలయాల్లో ఉంటుంది. మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఆ సంస్థ ఒక చిన్న కొత్త ఫైలును తన కాపలాదారులందరికీ పంపింది. దాన్ని చదవబోయిన విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసి ఆగిపోయాయి. 78 నిమిషాల్లో సంస్థ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. కాని అప్పటికే సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడకేశాయి. లోకమంతటా విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు చిక్కుల్లో పడ్డాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు!

ఇంత అల్లరికీ కారణం ఏమిటి? కొత్త ఫైలు 21వ విలువను కూడా పోల్చి చూడమంది. ఆ ప్రోగ్రాముకు అందేవి మాత్రం 20 విలువలే. ఇరవైమంది పిల్లలున్న తరగతిలో మాస్టారు హాజరు పిలుస్తూ ఇరవై ఒకటో నంబరును పిలిచినట్టు. తరగతిలో అయితే మనం నవ్వి ఊరుకుంటాం. కంప్యూటరులో అలా కాదు. ఆ ప్రోగ్రాము తనది కాని చోట చెయ్యిపెట్టింది.

మామూలు ప్రోగ్రాము ఇలా చేస్తే అదొక్కటే మూతపడేది. కాని ఈ కాపలాదారు ఉండే చోటు వేరు. కంప్యూటరును గుడి అనుకుంటే, మనం వాడే ప్రోగ్రాములన్నీ ముఖమండపం దాకానే వెళ్ళగలవు. గర్భగుడి వంటి చోటును 'కెర్నెల్' అంటారు. దొంగ ఎక్కడ దూరినా పట్టుకోవాలి కాబట్టి కాపలాదారుకు గర్భగుడిలోకి కూడా ప్రవేశం ఇచ్చారు. అక్కడ తప్పు జరిగితే, మీ సమాచారం ఇంకా పాడుకాకుండా ఉండాలని విండోస్ తానే అంతా ఆపేస్తుంది. నీలి తెర అంటే అదే.

దీన్ని బాగుచేసిన పద్ధతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. కంప్యూటరును సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలును తుడిచివేసి, మళ్ళీ మొదలుపెట్టడం. చాలావాటికి మనిషి స్వయంగా వెళ్ళి కూర్చుని చెయ్యవలసి వచ్చింది. పని రోజుల తరబడి సాగింది. మా బడిలో మేము వాడిన సేఫ్ మోడే అది!

కాపలాదారును తరిమేద్దామా?

ఇదంతా విని "అయితే ఈ యాంటీవైరస్ పీడ వదిలించుకుంటే పోలా?" అంటారా? ఈ మాట పెద్దవాళ్ళ నోట కూడా విన్నాను. కంప్యూటరు నెమ్మదిగా ఉందని యాంటీవైరస్ తీసేసి, హాయిగా ఉందని చెప్పుకునేవారున్నారు. నేను ఒప్పుకోను.

2017 మే నెలలో 'వాన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి దూరి, ఫైళ్ళకు తాళం వేసి, తాళం తియ్యాలంటే డబ్బు కట్టమంది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ వారి కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. దాన్ని వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు. టీకా వేయించుకున్న నాడు కొంచెం జ్వరం వస్తుందని టీకాలే మానేస్తామా? కాపలాదారు ఒకడు ఉండాలి. ఒక్కడే ఉండాలి. వాడి చిట్టా ఎప్పటికప్పుడు కొత్తదై ఉండాలి.

కొయ్యబారినప్పుడు ఏం చెయ్యాలి?

మొదట చేతులు కట్టుకుని చూడండి. అయిదు నిమిషాలు ఓపిక పట్టండి. తెర మూలనున్న గడియారం కదులుతోందా? క్యాప్స్ లాక్ మీట నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా? డిస్కు దీపం మిణుకుమిణుకుమంటోందా? ఇవన్నీ జరుగుతుంటే కంప్యూటరు చావలేదు, పనిలో మునిగి ఉందన్నమాట. ఏదీ జరగకపోతే నిజంగానే కొయ్యబారింది. అప్పుడు పవర్ బొత్తాన్ని కొన్ని సెకన్లపాటు నొక్కిపట్టి ఆపడం తప్ప గత్యంతరం లేదు. దాచుకోని పని పోతుంది. అందుకే ఇది ఆఖరి ఉపాయం.

రెండోది, రాసుకోండి. తేదీ, వేళ, ఏం చేస్తుండగా జరిగింది, తెర మీద ఏ మాటలు కనబడ్డాయి. జ్ఞాపకం మోసం చేస్తుంది. కాగితం చెయ్యదు.

మూడోది, కంప్యూటరు పలుకుతూ ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. 'టాస్క్ మేనేజర్' తెరుచుకుంటుంది. ఏ ప్రోగ్రాము ప్రాసెసరును, మెమొరీని, డిస్కును ఎంత వాడుతోందో అందులో కనిపిస్తుంది. డిస్కు నూటికి నూరు శాతం అని ఉండి, పైన యాంటీవైరస్ పేరు ఉంటే అది గాలింపులో ఉందని అర్థం. గాలింపు వేళను తరగతి లేని సమయానికి మార్చమని మాస్టారినడగండి. మధ్యాహ్న భోజనం వేళ మంచిది. కంప్యూటరు ఆపేసి ఉన్న రాత్రివేళ పెడితే లాభం లేదు సుమా!

నాలుగోది, ఒక్కసారి ఒక్క మార్పే చెయ్యండి. నాలుగు మార్పులు ఒకేసారి చేసి, జబ్బు తగ్గితే, ఏ మందు పనిచేసిందో ఎలా తెలుస్తుంది? యాంటీవైరస్‌ను కాసేపు ఆపి చూడవలసి వస్తే, అది పెద్దవారి ఎదుటనే చెయ్యండి. ముందుగా ఇంటర్నెట్ తీగ ఊడదీసి లేదా వైఫై ఆపి ఉంచండి. పరీక్ష కాగానే కాపలాదారును మళ్ళీ నిలబెట్టండి. తెలియని పెన్‌డ్రైవులు ఆ సమయంలో పెట్టకండి.

అయిదోది, సేఫ్ మోడ్‌లో నడిపి చూడండి. అక్కడ బాగుండి మామూలుగా నడిపినప్పుడు చెడితే, ప్రోగ్రాముల మీద అనుమానపడండి. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకదాన్ని పద్ధతి ప్రకారం తొలగించి, కంప్యూటరును ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. ఫైళ్ళను చేత్తో తుడిచేస్తే వేళ్ళు లోపలే మిగిలిపోతాయి. పూర్తిగా పెకలించడానికి చాలా సంస్థలు ప్రత్యేకమైన ప్రోగ్రాములు ఇస్తున్నాయి.

ఒక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి, రేపటి నుంచి ప్రతి కొయ్యబాటుకూ యాంటీవైరస్‌నే నిందిస్తే అది మరో కాకతాళీయం అవుతుంది. ఫ్యానులో దుమ్ము పేరుకుని వేడెక్కినా, మెమొరీ చెడినా, హార్డ్‌డిస్కు ముసలిదైనా కంప్యూటరు కొయ్యబారుతుంది. పరీక్షించకుండా ఎవరినీ దోషి అనవద్దు. ప్రోగ్రామును కూడా!

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

ఇక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన బడుల్లో కంప్యూటర్లు కొంటాం. పాడవుతాయన్న భయంతో వాటిని గదిలో పెట్టి తాళం వేస్తాం. ఒకటి ఆగిపోతే ముందుగా "ఎవరు ముట్టుకున్నారు?" అని అడుగుతాం. ఆ ప్రశ్నే తప్పు. "ఏం జరిగింది?" అని అడగాలి. మొదటి ప్రశ్నకు పిల్లలు భయపడి నిజం దాస్తారు. రెండోదానికి నోటుపుస్తకం తెచ్చి చూపిస్తారు.

"పిల్లలకు వదిలేస్తే ఉన్నవి కూడా పాడుచేస్తారు" అని మా బడిలోనే ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆయన భయం ఉత్తదే అనను. అందుకే పిల్లలు ఒంటరిగా కాక మాస్టారి ఎదుట, ఒక్కసారి ఒక్క మార్పుతో, చేసినదంతా రాసుకుంటూ చెయ్యాలంటున్నాను. కాని ఒకటి గమనించండి. మా నాలుగో నంబరును పాడుచేసింది పిల్లలు కాదు, తాళంచెవి చేతిలో ఉన్న నేను. బాగుచేయించింది ఎనిమిదో తరగతి అమ్మాయి.

మర్నాడు తరగతిలో అందరి ఎదుటా ఆ కుర్రవాడితో, "తప్పు నాదిరా, నీది కాదు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. బెంచీ మీద గోటితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. 'వైరస్' అనే పేరు మాత్రం ఒక్క రోజులో పోలేదు. చాలా రోజులు పట్టింది. ఫైలును తుడిచినంత తేలికగా మాట తుడుచుకుపోదు.

ఇప్పుడు మా గదిలో ప్రతి కంప్యూటరు పక్కనా దారం కట్టిన నోటుపుస్తకం ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది పెట్టాలన్న ఆలోచన ఆ అమ్మాయిది. వాటికి అట్టలు వేసి నంబర్లు రాసింది ఆ కుర్రవాడు. మీ బడిలో అటువంటి పుస్తకం ఉందా? లేకపోతే ఈ సోమవారమే ఒకటి పెట్టండి. ఖర్చు ఇరవై ముప్పై రూపాయలకు మించదు.